ఉరిత్ పట్టని నెలల్లో మారిషస్, రోడ్రిగ్స్

మేం కాకినాడ వాళ్ళం. తమ్ముడికి రొయ్యల చెరువులున్నాయి, నేను స్కూల్లో బయాలజీ చెబుతాను. మారిషస్ అనగానే హనీమూన్ ఫోటోలు గుర్తొస్తాయి గానీ, మేం వెళ్ళింది అంత చిన్న దేశం తన సముద్రాన్నీ అడవినీ ఎలా కాపాడుకుంటోందో చూద్దామని. ప్రధాన ద్వీపం మొత్తం 1,865 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లాలో ఆరో వంతు. ఇంటికొచ్చి రెండు వారాలు కూడా కాలేదు, అన్నీ కళ్ళముందే ఉన్నాయి, మర్చిపోకముందే రాస్తున్నా.

సెప్టెంబర్ 22, సోమవారం: మాయెబూర్

ఆగ్నేయ తీరంలో పాత ఊరు. సోమవారం సంత రోజు కావడం మా అదృష్టం. బట్టలు, బొప్పాయిలు, ఎండు చేపలు, కర్రపెండలం బిస్కెట్లు అన్నీ ఒకే సందులో. దాల్ పురీ బండి దగ్గర నిలబడి జత ముప్పై రూపాయలకి తిన్నాం (అక్కడి రూపాయి మనకి దాదాపు రెండు రూపాయలు). మెత్తటి పల్చటి పూరీ, లోపల పసుపు బఠానీ పప్పు పొడి, పైన చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, పచ్చిమిర్చి పచ్చడి, కాగితంలో చుట్టి ఇస్తారు. పక్కనే గాతో పిమా, చూడగానే మన మసాలా వడే అనిపించింది.

నేను ఊరు దాటిందగ్గర్నుంచీ అనుకుంటున్నది ఆక్టోపస్ కూర. అక్కడ ఆక్టోపస్‌ని ఉరిత్ అంటారు. చేపల బల్లల దగ్గర అడిగితే ఒకామె నావైపు చూసి, చెయ్యి అడ్డంగా ఊపి "ఫెర్మే" అంది. మూసేశారని. తర్వాత తెలిసింది, ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 15 దాకా మారిషస్‌లో ఆక్టోపస్ పట్టడం నిషేధం, 2016 నుంచి నడుస్తోంది. అమ్మితే ఆమెకీ జరిమానా పడుతుంది. ఈ ప్రయాణం మొత్తం ఆ "ఫెర్మే" మా వెంటే వచ్చింది.

మేం దిగిన ఇంటి యజమాని డెబ్భై దాటిన తాతగారు, రిటైరైన టీచరు. మేం తెలుగువాళ్ళమని తెలిసి గుమ్మంలోనే రెండు చేతులూ జోడించి "నమస్కారం అమ్మా, రండి" అన్నారు. ఆ తర్వాతి మాటలు క్రియోల్ (అక్కడి వాడుక భాష), ఇంగ్లిష్ కలిపి. తెలుగు అక్షరాలు బడిలో నేర్చుకున్నారు, రామభజనలో దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు, ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. "మా ముత్తాతల్ని ఇక్కడ కొరింగీలు అనేవాళ్ళు, కోరింగ రేవులో ఓడెక్కారని," అన్నారు. కోరింగ మా ఇంటికి అరగంట దూరం అని చెప్తే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇంటికెళ్ళాక ఆ రేవు ఫోటో ఒకటి తీసి పంపమన్నారు. సరే అన్నాను, అక్కడ ఇప్పుడు రేవు లేదని ఆ క్షణంలో చెప్పడానికి మనసొప్పలేదు.

రాత్రి అన్నం, పప్పు, "బ్రెద్ మురుమ్" పులుసు. గిన్నె మూత తీస్తే మునగాకు! నీళ్ళలో వెల్లుల్లి, అల్లం వేసి మరిగించారంతే. తమ్ముడు మూడుసార్లు వేయించుకున్నాడు.

సెప్టెంబర్ 23: బ్లూ బే

మాయెబూర్ నుంచి బస్సులో పావుగంట. బ్లూ బే మెరైన్ పార్కు 353 హెక్టార్లు, 1997లో నేషనల్ పార్కుగా, 2000లో మెరైన్ పార్కుగా ప్రకటించారు, 2008లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితా) చేరింది. కాగితం మీద ఇది మామూలు వాక్యమే, నీళ్ళలోకి వెళ్తే గానీ అర్థం కాలేదు. సముద్రం మీద రంగురంగుల బోయాలు తేలుతూ ఉంటాయి, ఇక్కడ ఈత, ఇక్కడ పడవల దారి, ఇక్కడ ఎవరూ ఏమీ ముట్టకూడదు అని భాగాలు చేసి పెట్టారు. లంగరు వేయడం కుదరదు, కట్టేసిన బోయాకే తాడు తగిలించాలి, ఎందుకంటే ఒక్క లంగరు ఈడ్చుకుపోతే వందేళ్ళ పగడం విరిగిపోతుంది.

అడుగున అద్దం ఉన్న పడవలో మనిషికి ఐదు వందలు తీసుకున్నారు. పడవాయన యాభై దాటిన మనిషి, ఎండకి మొహం నల్లబడి మెరుస్తోంది, మాట తక్కువ. మెదడు పగడం పైన ఇంజను ఆపేశాడు. అద్దంలోంచి చూస్తే గుండ్రటి గుట్ట, దాని మీద మెలికలు మెలికలుగా గీతలు, ఒక గీత వెంబడి చిన్న నీలం చేప పాకుతున్నట్టు పోతోంది. ఐదారు మీటర్ల వెడల్పు ఉంటుంది. నేను పిల్లలకి బోర్డు మీద గీసేది ఇదా అనిపించింది.

తర్వాత ఈతకి దిగినప్పుడు తమ్ముడు అలసిపోయి ఒకచోట కాలు ఆన్చి నిలబడ్డాడు. పడవాయన గట్టిగా అరిచాడు. మేం ఉలిక్కిపడ్డాం. వాడు కాలు పెట్టింది రాయనుకుని, అది ప్రాణమున్న పగడం. పడవెక్కాక తమ్ముడు క్షమించమన్నాడు, ఆయన కోపం తగ్గించుకుని చెప్పాడు: పార్కు కాకముందు వాళ్ళ నాన్న ఇక్కడే వల వేసేవాడట. పార్కు వచ్చాక వల వేసే చోటు పోయింది, ఈయన పడవకి అద్దం బిగించుకున్నాడు. "నాన్నకి చాలా కోపం వచ్చింది. నాకు రాలేదని కాదు" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ తలుచుకుంటున్నా. ఒక చోటుని కాపాడాలని పైన ఎవరో మ్యాపు మీద గీత గీస్తారు, గీత లోపలున్న చేప ఎవరి కంచంలోది అన్నది ఆ ఇంటివాళ్ళకే తెలుస్తుంది.

పెద్ద వలలకి కూడా అక్కడ ఏటా అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరిదాకా సెలవే. మేం ఉన్నది ఆ సెలవుకి ముందు ఆఖరి వారం. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుందనీ, ఆ రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుందనీ తమ్ముడు చెప్తే పడవాయన ఎంత అని అడిగాడు, ఇరవై వేలు అంటే లెక్క వేసుకుని తలూపాడు. రిజిస్టరైన మత్స్యకారులకి వాతావరణం బాగోలేని రోజులకి వాళ్ళకీ కొంత డబ్బు వస్తుందట.

సెప్టెంబర్ 24: ఈల్ ఓజెగ్రెత్

తీరానికి దాదాపు ఎనిమిది వందల మీటర్ల దూరంలో 26 హెక్టార్ల చిన్న లంక. 1965 నుంచి నేచర్ రిజర్వు. మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ వాళ్ళు చూసుకుంటారు, గైడుతో తప్ప దిగనివ్వరు. టికెట్టు మాకు కాస్త ఎక్కువే అనిపించింది, కానీ ఆ డబ్బుతోనే కలుపు తీసేవాళ్ళకి జీతాలు అని గైడమ్మాయి చెప్పింది.

ఈ లంకని ఒకప్పుడు కట్టెల కోసం నరికేశారు, మేకల్ని వదిలారు, రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగులు పెట్టారు (అవి ఇంకా ఉన్నాయి). మిగిలిన కాస్త నల్లచేవ (ఎబొనీ) అడవిని పట్టుకుని, ఎలుకల్ని తీసేసి, బయటి మొక్కల్ని ఏళ్ళ తరబడి చేత్తో పీకి, నర్సరీలో పెంచిన మొక్కల్ని నాటి మళ్ళీ నిలబెట్టారు. మారిషస్ సొంత తాబేళ్ళు ఎప్పుడో అంతరించాయి. వాటి పని చెయ్యడానికి సీషెల్స్‌లోని ఆల్డాబ్రా దీవి నుంచి వచ్చిన జాతి పెద్ద తాబేళ్ళని వదిలారు. పని అంటే, నల్లచేవ పండు తిని గింజని దూరంగా వేయడం, ఆ గింజలు బాగా మొలుస్తాయి.

ఒక తాబేలు దారికి అడ్డంగా పడుకుంది. మేం ఆగాం. అది మెడ చాపి రాలిన ఆకుని నోటితో అందుకుంది, నమిలేటప్పుడు గొంతు కింద తోలు పైకీ కిందకీ కదులుతోంది, ముక్కు మీద మట్టి, కంటి మూలన తడి. పక్కనే దాని పేడలో మూడు గింజలు, ఒకదానికి తెల్లటి మొలక. గైడమ్మాయి దాన్ని తొక్కకుండా పుల్లతో పక్కకి జరిపింది, రోజూ చేసే పనిలా.

గులాబీ పావురం చెట్టు మీద కనిపించింది. 1990ల మొదట్లో అడవిలో పది మాత్రమే మిగిలిన పక్షి, ఇప్పుడు వందల్లో ఉంది. నేను ఫోటో తీయలేదు, చేతులు వణికాయి.

ఓడ సంగతి అడగకుండా ఉండలేకపోయాను. 2020 జులై 25న వకాషియో అనే ఓడ ఇక్కడికి దగ్గర్లోనే పగడపు దిబ్బకెక్కింది, ఆగస్టు 6 నుంచి నూనె కారింది, దాదాపు వెయ్యి టన్నులు. ఆ అమ్మాయి అప్పుడు కాలేజీలో ఉందట. మాయెబూర్ ఒడ్డున జనం చెరకు ఆకు తెచ్చి, బట్టలో కుట్టి, ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి తెప్పల్లాంటి అడ్డుకట్టలు చేశారు, కొందరు జుట్టు కత్తిరించి ఇచ్చారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆగలేదు. లంక మీది అరుదైన పక్షుల్లో కొన్నింటినీ, నర్సరీ మొక్కల్నీ పడవల్లో ఒడ్డుకి చేర్చారు. "వాసన నెలల తరబడి పోలేదు" అంది. రిజర్వు చుట్టూ ఎన్ని బోయాలు పెట్టినా పక్కనుంచి పోయే ఓడని అవి ఆపలేవు కదా.

సాయంత్రం తాతగారితో ఒక గొడవ. పెరట్లో లిచీ చెట్టుంది, పక్కన మడిచి పెట్టిన వల. పళ్ళొచ్చాక కప్పడానికట, గబ్బిలాల కోసం. ఇది మారిషస్, పక్కనున్న రీయూనియన్ ద్వీపాల గబ్బిలం, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పళ్ళ రైతుల ఒత్తిడితో ప్రభుత్వం 2015 నుంచి కొన్నిసార్లు వేల సంఖ్యలో చంపించింది, 2018లో ఐయూసీఎన్ (ప్రకృతి పరిరక్షణకి పనిచేసే అంతర్జాతీయ సంస్థ) దాన్ని అంతరించే ప్రమాదం ఎక్కువున్న జాతుల్లోకి మార్చింది. తాతగారు మృదువైన మనిషి, అయినా "సగం కాపు వాటికే పోతుందమ్మా" అన్నారు. అడవిలో సగం చెట్ల గింజలు మోసేది అవే కదా అన్నాను. "అడవిలో తిండి మిగలనిచ్చామా, ఊళ్ళోకి రాకుండా ఉండటానికి?" అని ఆయనే అన్నారు. నాకు జవాబు తట్టలేదు. చంపడం తప్పనే ఇప్పటికీ అనుకుంటున్నా, కానీ ఆ వల కొనడానికి ప్రభుత్వం సాయం చేస్తున్న పద్ధతి మాత్రం సరైనది.

సెప్టెంబర్ 25: బ్లాక్ రివర్ గోర్జెస్

దేశంలో మొదటి నేషనల్ పార్కు, 1994లో వచ్చింది, సుమారు 6,500 హెక్టార్లు. క్యూర్‌పీప్ మీదుగా రెండు బస్సులు మారి పెట్రిన్ చేరేసరికి సన్నటి జల్లు, చలి. స్వెట్టర్లు తీసుకెళ్ళలేదు.

పచ్చగా ఉంది కదా అని మురిసిపోయాం. పార్కు ఉద్యోగి ఒకాయన, ఖాకీ రెయిన్‌కోటు, మా ముందున్న గుబురు చూపించి "ఇందులో మా చెట్టు ఒక్కటీ లేదు" అన్నారు. అంతా చైనా జామ. ఎర్రటి చిన్న కాయలు, మారిషస్ వాళ్ళకి ప్రాణం, కాపు రోజుల్లో కుటుంబాలతో వచ్చి ఉప్పూకారం అద్దుకుని తింటారు. ఆ మొక్కే కింద నేలని కప్పేసి సొంత అడవిని మొలవనివ్వదు. అసలైన మంచి అడవి దేశంలో రెండు శాతం కంటే తక్కువ మిగిలింది. అందుకని అక్కడక్కడా కొన్ని హెక్టార్ల చొప్పున కంచె వేసి, పందులూ జింకలూ రాకుండా చూసి, లోపల చేత్తో కలుపు తీస్తారు. కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ తీయాలి. ఎప్పటికి అయిపోతుంది అని తమ్ముడు అడిగితే ఆయన "మీ చెరువులో పని ఎప్పటికి అయిపోతుంది?" అన్నారు. తమ్ముడికి వెంటనే అర్థమైంది.

మషాబే దారిలో మబ్బులో నడిచాం. వ్యూపాయింట్ దగ్గర లోయ ఒక్కసారిగా తెరుచుకుంది, దూరంగా పడమటి సముద్రం. అక్కణ్ణుంచి వెనక్కి తిరగాలి, మేం మాటల్లో పడి పక్క దారిలో దిగిపోయాం. దిగుతూనే ఉన్నాం. బురద, వేళ్ళు, జారుడు, గంటన్నర అయ్యాక గానీ ఇది పెట్రిన్‌కి పోయే దారి కాదని తెలియలేదు. టెన్షన్ మొదలైంది, నీళ్ళు అయిపోయాయి, ఫోన్‌లో సిగ్నల్ లేదు. చివరికి లోయ అడుగున నది, దాన్ని దాటితే పార్కు రెండో గేటు. ద్వీపం ఇంకో పక్కకి వచ్చేశాం!

కానీ ఆ తప్పుదారిలోనే ఒకటి కనిపించింది. కొండ అంచున చిన్న గద్ద, గోధుమరంగు వీపు, గుండ్రటి రెక్కలు, చెట్ల మధ్యలోంచి బాణంలా దూసుకెళ్ళింది. ఐదు సెకన్లు ఉంటుందేమో. మారిషస్ కెస్ట్రెల్ అని గేటు దగ్గర పుస్తకంలో బొమ్మ చూసి ఖాయం చేసుకున్నా. 1974లో అడవిలో నాలుగంటే నాలుగే పక్షులు. కార్ల్ జోన్స్ అనే ఆయన 1979లో ఈ దేశానికొచ్చి, గూళ్ళలోంచి గుడ్లు తీసి పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలి వాటిని మళ్ళీ వందల్లోకి తెచ్చారు.

పెద్ద రోడ్డు దాకా నడిచే ఓపిక లేదు. డ్యూటీ దిగిన ఒక ఉద్యోగి తన పికప్‌లో ఎక్కించుకుని బస్టాపు దగ్గర దింపారు, డబ్బులు తీసుకోలేదు, తన డబ్బాలోని ఫరాటా సగం తుంపి ఇచ్చారు. ఫరాటా అంటే మన పరోటానే.

సెప్టెంబర్ 26, 27: రోడ్రిగ్స్

మారిషస్‌కి తూర్పున 560 కిలోమీటర్ల దూరంలో ఉంది, దేశం అదే, 2002 నుంచి స్వయంపాలన. భూమి 108 చదరపు కిలోమీటర్లు, చుట్టూ లగూన్ (పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ సముద్రం) దానికి రెండింతలకి పైనే. నీళ్ళకి కటకట. దిగిన ఇంట్లో స్నానానికి ఒక బకెట్ అని ముందే చెప్పారు, మా కాకినాడలో మోటారు వేసి మర్చిపోయే రోజులు గుర్తొచ్చి సిగ్గేసింది.

మధ్యాహ్నం ఆగ్నేయాన మురూక్ వెళ్ళాం. అక్కడి లగూన్‌లో 43 చదరపు కిలోమీటర్లు 2009 నుంచి రక్షిత ప్రాంతం. పోటు తగ్గాక నీళ్ళు మోకాలి లోతుకొస్తాయి. మామూలు రోజుల్లో ఆడవాళ్ళు రబ్బరు బూట్లు, గడ్డి టోపీలు, చేతిలో ఇనుప ఊచతో నడుచుకుంటూ వెళ్ళి ఉరిత్‌ని పొడిచి తెస్తారు, తల్లి నుంచి కూతురికి వచ్చిన పని. ఇప్పుడు లగూన్ ఖాళీ. ఒక ఇంటి గోడకి రెండు ఊచలు ఆనించి ఉన్నాయి, కొనలకి నూనె రాసి గుడ్డ చుట్టారు.

ఆ ఇంటామెతో మా టాక్సీ అన్న క్రియోల్‌లో మాట్లాడించాడు. అరవై ఏళ్ళుంటాయి, చేతులు కాయలు కాశాయి. 2012లో మొదటిసారి రెండు నెలలు మూస్తామన్నప్పుడు ఊరంతా తిట్టుకుందట. ఆ రెండు నెలలు వాళ్ళకి వేరే పనులు, కూలి ఇచ్చారు. "తెరిచిన రోజు దిగాం. ఇంతింత ఉన్నాయి" అని మోచేతి దాకా చూపించింది. ఆక్టోపస్ ఏడాది, మహా అయితే ఏడాదిన్నర బతుకుతుంది. అంత తక్కువ బతుకులో అంత త్వరగా పెరుగుతుంది కాబట్టి రెండు నెలలు ఆగితే బరువు ఎన్నో రెట్లవుతుంది, ఆడది గుడ్లు పెట్టి, వాటిని కాపలా కాసి చచ్చిపోతుంది, ఆ గుడ్లకి టైమివ్వాలి. ఇదంతా నేను క్లాసులో చెప్పగలను. ఆమెకి పుస్తకం అక్కర్లేదు, ఆ మోచేయి చాలు. దొంగతనంగా పట్టేవాళ్ళు లేరా అంటే మొహం గట్టిపడింది. ఉన్నారంది. వాళ్ళెవరో కూడా తెలుసంది. ఎవరూ పట్టుకోకపోతే ఆగినవాళ్ళకే నష్టం అంది. కాపలా పడవలు సరిపోవని ఆమె బాధ, అది న్యాయమైన బాధ.

శనివారం తెల్లవారుజామున పోర్ట్ మథురిన్ సంత. ఐదున్నరకే కిటకిట. తేనె, ఎర్ర చిక్కుడు గింజలు, చిన్న నిమ్మకాయల పచ్చడి, చిటికెన వేలంత లేని మిరపకాయలు. ప్లాస్టిక్ సంచి అడిగితే నవ్వి కాగితం ఇచ్చారు, 2014లోనే ఇక్కడ నిషేధించారు. అక్కడ అందరూ అందరికీ "బోంజూర్" చెప్తారు, చెప్పకుండా ధర అడిగితే జవాబు రాదు, మొదటిసారి మాకు అలాగే అయింది.

పదింటికి గ్రాండ్ మోంతాన్ రిజర్వు. రోడ్రిగ్స్ అడవి దాదాపు పూర్తిగా పోయాక మళ్ళీ మొక్కమొక్కగా నాటుతున్న చోటు. అక్కడే కఫే మారోన్ కథ విన్నా. అంతరించిందనుకున్న మొక్క. 1980 ప్రాంతంలో మాస్టారు పాత బొమ్మ చూపిస్తే, ఒక పిల్లాడు అలాంటి కొమ్మే తెచ్చాడు. మొత్తం ద్వీపంలో ఒక్కటే చెట్టు. సంగతి తెలిసి జనం మందుకని కొమ్మలు విరుచుకుపోతుంటే కంచె మీద కంచె కట్టాల్సి వచ్చింది. ఒక కొమ్మని లండన్‌లోని క్యూ తోటకి పంపితే అక్కడ బతికించారు, ఏళ్ళు పట్టింది విత్తనం రావడానికి. ఇప్పుడు దాని పిల్లలు రోడ్రిగ్స్‌కి తిరిగొచ్చాయి. మోకాలి ఎత్తు మొక్క ముందు నిలబడి, ఆ పిల్లాడి టీచర్‌ని తలుచుకున్నా. నా వృత్తిలో ఇంతకన్నా పెద్ద పని ఏముంటుంది.

ఉరిత్ కూర తినకుండానే వచ్చేశాం. నిమ్మకాయ పచ్చడి రెండు సీసాలు తెచ్చుకున్నాం.

అక్టోబర్ 5: కోరింగ

దసరా అయ్యాక ఆదివారం పొద్దున్నే బండి మీద వెళ్ళాం. తాతగారి ముత్తాత ఓడెక్కిన రేవు లేదు. 1839 తుఫాను ఆ ఊరిని ఊడ్చేసింది, మిగిలింది మేట వేసింది. ఆ చోట్ల ఇప్పుడు 1978 నుంచి అభయారణ్యం. చెక్క బాట మీద చివరిదాకా నడిచి, బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య ఎర్ర డెక్క పీత, వెనక నీటి పాయ పడేలా ఫోటో తీశాను. రేవు పోయిందనీ, ఆ నేల మీద ఇవే ఉన్నాయనీ రాసి వాట్సాప్‌లో పంపాను.

రెండు గంటల తర్వాత జవాబొచ్చింది. "ఇవి మాంగ్లియే చెట్లే కదా? మా లగూన్ ఒడ్డున కూడా నాటుతున్నారు. తెలుగులో ఏమంటారు?"

మడ అంటాం తాతగారూ, అని రాశాను.

కాసేపు 'టైపింగ్' అని కనిపిస్తూ ఉంది. తర్వాత ఒక్కటే మాట వచ్చింది, తెలుగు అక్షరాల్లో: "మడ".